మెత్తని ప్లాస్టిక్ ఎరలు పోసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

చేపలు పట్టే మెత్తని ఎరలను అచ్చుల్లో పోయడానికి వాడే ప్లాస్టిసాల్ (వేడిచేసి చల్లారిస్తే రబ్బరులా గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వద్ద పోతకు సిద్ధమవుతుంది. అంతకు మించి కాగి గోధుమరంగుకు తిరిగితే హైడ్రోజన్ క్లోరైడ్ వంటి హానికరమైన వాయువులు వెలువడతాయి కనుక, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోని ఇరుకు వంటగదులను విడిచి, గాలి ధారాళంగా ఆడే బాల్కనీలోనో డాబా మీదనో, రసాయన ఆవిరులను అడ్డుకునే ఫిల్టర్లున్న మాస్కు ధరించి పని మొదలుపెట్టాలి. గుడ్డ మాస్కు ఇందుకు పనికిరాదు.

అన్నిటికన్నా ఎక్కువగా భయపడవలసింది నీటికి. వానాకాలపు తేమ వల్ల అచ్చు గాడిలో చిన్న నీటిబొట్టు మిగిలినా, వేడి ప్లాస్టిక్ తగలగానే అది ఒక్కసారిగా ఆవిరై ద్రవాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. అందువల్ల అచ్చులను, కలిపే కడ్డీని, పాత్రను పూర్తిగా ఆరబెట్టి, రక్షణ కళ్లద్దాలు, వేడిని తట్టుకునే చేతితొడుగులు, పొడుగుచేతుల నూలు చొక్కా ధరించాలి.

ఉష్ణోగ్రతను థర్మామీటరుతోనే కొలవాలి. ఈ పనికి వాడిన మైక్రోవేవ్‌లో మళ్లీ ఆహారం వేడిచేయకూడదు.