ఆర్కిటిక్ మంచు గ్రాఫ్‌లో 1987 దగ్గర మెట్టు వస్తోందా?

సమస్య: 1978 నుంచి ఉన్న ఉపగ్రహ డేటాతో ఆర్కిటిక్ సముద్రపు మంచు గ్రాఫ్ గీశారు. 1987 మధ్యలో గీత ఒక్కసారిగా పైకి లేచింది. 2008 జనవరిలో మరో చిన్న మెట్టు ఉంది. దాంతో ఇన్నేళ్ల తరుగుదల అసలు కన్నా తక్కువగా కనిపిస్తోంది.

ముందు చూడవలసింది: మీరు గీసింది పరిధా, వైశాల్యమా? దయచేసి ఇది తేల్చుకోకుండా ప్రోగ్రాం జోలికి వెళ్లకండి. ఉపగ్రహ పటాన్ని చిన్న చిన్న గడులుగా (చతురస్రాలుగా) విభజిస్తారు. కనీసం 15 శాతం మంచు ఉన్న ప్రతి గడినీ పూర్తిగా లెక్కేస్తే వచ్చేది పరిధి. గడిలో ఎంత శాతం మంచు ఉందో అంతే లెక్కేస్తే వచ్చేది వైశాల్యం. పాత ఏళ్లకు ఒకటి, కొత్త ఏళ్లకు మరొకటి అతికించి తలపట్టుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నారు.

గీసింది వైశాల్యమే అయితే, అంటార్కిటిక్‌కూ అదే గ్రాఫ్ గీయండి. అక్కడ మెట్టు లేకపోతే కారణం దాదాపు దొరికినట్టే.

అసలు కారణం: ఉత్తర ధ్రువం చుట్టూ సెన్సర్‌కు కనిపించని ఒక వృత్తం ఉంటుంది. ఈ ఉపగ్రహాలు సరిగ్గా ధ్రువం మీదుగా వెళ్లవు. నింబస్-7 ఉపగ్రహం మీది ఎస్ఎంఎంఆర్ సెన్సర్ సుమారు 780 కిలోమీటర్ల వెడల్పు పట్టీనే చూసేది. 84.5 డిగ్రీల అక్షాంశం దాటాక దానికి ఏమీ అందేది కాదు. అలా మిగిలిపోయిన చోటు 11.9 లక్షల చదరపు కిలోమీటర్లు. 1987లో వచ్చిన ఎస్ఎస్ఎం/ఐ సెన్సర్ పట్టీ 1,400 కిలోమీటర్లు కావడంతో ఖాళీ 3.1 లక్షలకు తగ్గింది. 2008లో వాడుక మొదలైన ఎస్ఎస్ఎంఐఎస్ సెన్సర్‌తో 29 వేలకు దిగింది. అంటే సముద్రంలో కొత్త మంచేమీ పుట్టలేదు, ఉన్న మంచే లెక్కలోకి వచ్చింది. అమెరికా జాతీయ మంచు డేటా కేంద్రం పరిధి లెక్కలో ఈ వృత్తమంతా మంచేనని తీసుకుంటుంది, వైశాల్యంలో మాత్రం కలపదు. అందుకే మెట్టు వైశాల్యంలోనే కనిపిస్తుంది. దక్షిణ ధ్రువం నేల మీద ఉంది కాబట్టి అక్కడ ఈ బెడదే లేదు.

పరిష్కారం: అన్ని ఏళ్లకూ ఎస్ఎంఎంఆర్ కాలపు పెద్ద వృత్తాన్నే మినహాయించండి. మొత్తం అంకె తగ్గుతుంది, కానీ ఏడాదికీ ఏడాదికీ పోలిక నిలుస్తుంది. ధ్రువం కూడా కావాలంటే వృత్తం అంచు గడుల సగటు శాతంతో ఏ రోజుకారోజు నింపండి. కళ్లు మూసుకుని 100 శాతం పెట్టకండి, వేసవి చివర అది చెల్లదు.

ఇక్కడే ఇంకో ఉచ్చు ఉంది. ఆ కేంద్రం ఫైళ్లలో గడుల విలువలు 0 నుంచి 250 వరకు ఉంటాయి, 250 అంటే 100 శాతం. ఆ పైవి గుర్తులు మాత్రమే: 251 ధ్రువ వృత్తం, 254 నేల, 255 లేని డేటా. అన్నిటినీ గుడ్డిగా 250తో భాగిస్తే ధ్రువ వృత్తం 100.4 శాతం మంచవుతుంది, గ్రీన్‌లాండ్ నేల కూడా సముద్రపు మంచులో కలిసిపోతుంది. భాగహారం తర్వాత గరిష్ఠ విలువ 100 శాతం దాటిందేమో తప్పకుండా చూడండి.

మిగతావి అరుదు. ప్రతి గడినీ 625 చదరపు కిలోమీటర్లుగా తీసుకుని ఉంటే గడుల వైశాల్యాల ఫైలు వాడండి. 1987 డిసెంబరు ఆరంభం నుంచి 1988 జనవరి మధ్య దాకా డేటా లేదు, అక్కడ సున్నాలు పెట్టకండి. 2016 ఏప్రిల్‌లో వింత విలువలు వస్తే అది ఎఫ్-17 ఉపగ్రహ సెన్సర్ లోపం. ఆ రోజులకు ఎఫ్-18 డేటా తీసుకోండి.