నాట్లు వేసి వచ్చిన వారికి నూనె మర్దన చేసే పద్ధతి

నల్లగొండ ఆయకట్టులో నాట్ల కాలం వచ్చిందంటే, పగలంతా బురదలో నడుము వంచి పనిచేసిన ఆడవాళ్లకు రాత్రయ్యేసరికి పిక్కలు పట్టేసి అరికాళ్లు మండుతుంటాయి. ఆ అలసటకు నూనె మర్దనంత మంచి ఇంటి వైద్యం మరొకటి లేదని నా నమ్మకం. చరక సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలోనే దీని గుణాలు వివరంగా ఉన్నాయి. ఆయుర్వేద ఆచార్యుడు వాగ్భటుడు అష్టాంగహృదయంలో అభ్యంగం, అంటే నూనె మర్దన, నిత్యం చేసుకోవాలని, అది ముసలితనాన్ని, శ్రమను, వాతాన్ని పోగొడుతుందని చెబుతూ, తల, చెవులు, పాదాల విషయంలో మరింత శ్రద్ధ చూపమన్నాడు. అజీర్ణంతో ఉన్నవారికి వద్దన్నదీ ఆయనే. జ్వరం ఉన్నప్పుడు కూడా మానుకోవాలి. ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కనుక, ఆ కాలిని ముట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గానుగ నువ్వుల నూనె శ్రేష్ఠం. పాలమూరు చెలకల్లో పండే ఆముదాన్ని వాడేవారు అందులో కొంత నువ్వుల నూనె కలుపుకోవాలి, ఎందుకంటే ఒట్టి ఆముదం చిక్కగా ఉండి చేయి సాగనివ్వదు. గిన్నెను వేడినీళ్లలో ఉంచి నూనెను గోరువెచ్చగా చేసి, ముందు మన మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోవాలి. షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి, కాలినా తెలియకపోవచ్చు.

పాదంతో మొదలుపెట్టాలి. మడమను ఒక అరచేతిలో ఆనించుకొని, రెండో చేతి బొటనవేలితో మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా నిదానంగా ఒత్తుకుంటూ పోవాలి. గట్టిగా తగిలిన చోట ఆగి, వారు ఊపిరి వదిలేటప్పుడు నొక్కి, పీల్చేటప్పుడు సడలించాలి. వేళ్ల సందులు బురదలో నాని చిట్లి ఉంటే అక్కడ నూనె పెట్టకుండా, కడిగి ఆరనివ్వాలి.

తరువాత పిక్కను రెండు చేతులతో చుట్టి, చీలమండ నుంచి మోకాలి వైపు సాగదీస్తూ రుద్దాలి. 19వ శతాబ్దంలో నెదర్లాండ్స్ వైద్యుడు యోహాన్ మెజ్గర్ క్రమబద్ధం చేసిన మర్దనలో కూడా చేతులు గుండె వైపే సాగుతాయి. కాళ్లలోని రక్తం పైకి మళ్లడానికి అది తోడ్పడుతుంది.

మోకాళ్లకు వలయాకారంగా మెత్తగా రాస్తే చాలు. మునుగోడు, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకున్న పెద్దలకు మర్దన కొంత ఊరట మాత్రమే ఇస్తుంది, ఆ బిగుతును విప్పలేదు; అందుకే వారి కీళ్లను, మెడను, వెన్నును ఎన్నడూ బలవంతంగా వంచకూడదు.

అరగంట ఆగి, సున్నిపిండితో రుద్ది వేడినీళ్లు పోయాలి. బండల మీద జారకుండా, లేవనిచ్చే ముందే అరికాళ్లను పొడి గుడ్డతో తుడవాలి.