రైలు దిగి పట్నం చూద్దాం – 3వ పాఠం: కాచిగూడ నుంచి చార్మినార్ దాకా

పోయిన పాఠంలో రైలు వేళలు చూసుకోవడం, తిరుగు బండిని ముందే ఖాయం చేసుకోవడం నేర్చుకున్నాం. ఈసారి నడక.

పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లు చాలామంది కాచిగూడ స్టేషన్‌లో దిగగానే ఆటో ఎక్కి నేరుగా చార్మినార్ దగ్గర దిగుతారు. చార్మినార్ కనిపిస్తుంది గానీ పట్నం ఎట్లా పెరిగిందో తెలియదు. చార్మినార్ 1591 నాటిది, కోఠిలో బ్రిటిష్ ప్రతినిధి ఉండేందుకు కట్టిన రెసిడెన్సీ భవనం 1803లో మొదలైంది, కాచిగూడ స్టేషన్ 1916ది. మూసీకి దక్షిణాన పుట్టిన నగరం ఉత్తరానికి పాకింది. అందుకే స్టేషన్ నుంచి కోఠి మీదుగా మూసీ దాటితే ఏళ్లు వెనక్కి పోతుంటాయి. మొత్తం నాలుగైదు కిలోమీటర్లు. ఆగుతూ చూస్తూ పోతే నాలుగు గంటలు.

ముందు స్టేషన్ బయటికొచ్చి వెనక్కి తిరిగి గుమ్మటాలు, మినార్లు చూడండి. తర్వాత కాచిగూడ చౌరస్తా, బడీచౌడి మీదుగా సుల్తాన్‌బజార్. ఫోన్ మ్యాప్‌లో చార్మినార్ అని పెడితే చాదర్‌ఘాట్ వైపు మళ్లించవచ్చు. సుల్తాన్‌బజార్ అనే పెట్టి, నడక గుర్తు నొక్కండి.

సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం తప్పక చూడాలి. నిజాం ఏలుబడిలో తెలుగుకు నిలువనీడగా 1901లో వెలిసిన గ్రంథాలయం. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు దాని వెనుక నిలిచారు. పట్నం వచ్చిన తెలుగువాళ్లు దీన్ని చూడకుండా పోవడం అన్యాయం.

అక్కణ్నుంచి రెసిడెన్సీ దగ్గరే. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం ఆవరణ. గేటు దగ్గర అడిగి, అనుమతి ఉంటేనే లోపలికి వెళ్లండి. 1857 జులై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ దాడి నడిపింది దీనిమీదే.

మూసీ దగ్గర కొత్తవాళ్లు తికమక పడతారు, ఎందుకంటే ఏళ్ల వరుస ఇక్కడ తప్పుతుంది. నయాపూల్ మీద నిలబడితే ఈ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఆ ఒడ్డున హైకోర్టు. రెండూ 1908 సెప్టెంబరు వరద తర్వాత కట్టినవే. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు మాత్రం వరదకు ముందుది. దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా బతికారంటారు. వంతెన దాటాక పత్తర్‌గట్టిలో దుకాణాల మీద ఒకే తీరున సాగే రాతి కమాన్లు కూడా ఆ తర్వాతి నగరాభివృద్ధి పనులే. గుల్జార్‌హౌజ్ అనే పాత ఫౌంటెన్ దగ్గరికి చేరి, చుట్టూ నాలుగు కమాన్లు కనిపించాకే మళ్లీ పాత వరుస అందుకుంటుంది.

పొద్దున ఎనిమిదిలోపు కాచిగూడలో బయలుదేరితే మధ్యాహ్నానికల్లా చార్మినార్ చేరతారు. పక్కనే ఉన్న లాడ్‌బజార్ గాజుల దుకాణాలు కూడా అప్పటికే తెరుస్తుంటారు. శుక్రవారం మధ్యాహ్నం మక్కామసీదు దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు, ఆ రోజు వద్దు.

తిరుగు జనరల్ టికెట్ పొద్దున్నే కొనకండి. 200 కిలోమీటర్లలోపు దూరానికి అది మూడు గంటలు, లేదా మొదటి బండి వెళ్లేదాకే చెల్లుతుంది. చార్మినార్ నుంచి తూర్పుగా యాకుత్‌పురా స్టేషన్‌కు వెళ్తే, సికింద్రాబాద్ వైపు వెళ్లే ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు)లో డబీర్‌పురా, మలక్‌పేట దాటగానే కాచిగూడ. ఎంఎంటీఎస్‌ల మధ్య ఎడం ఎక్కువ. పాలమూరు బండికి గంట ముందే కాచిగూడలో ఉండేలా చూసుకోండి.

అభ్యాసం: ఒక కాగితం మీద మూసీని అడ్డగీతగా గీసి, చూసిన ప్రతి కట్టడాన్నీ దాని ఒడ్డున ఏడాదితో సహా గుర్తించండి. వచ్చే పాఠంలో డబీర్‌పురా స్టేషన్‌లో దిగి, పాత నగర గోడకు మిగిలిన దర్వాజా నుంచి నడక మొదలుపెడదాం. ఆ కాగితం వెంట ఉంచుకోండి.