డీఎస్సీతో సౌందర్య ఉత్పత్తుల పరీక్ష – 4వ పాఠం: క్రీము కరిగిందా, ఆవిరైందా?

డీఎస్సీ అంటే నమూనాను నెమ్మదిగా వేడి చేస్తూ అది ఎంత వేడి పీల్చుకుందో గ్రాఫు గీసే పరికరం. వేడి పీల్చుకున్న చోట గ్రాఫు లోయలా వంగుతుంది, దాన్నే శిఖరమనీ అంటాం. పోయిన పాఠంలో లిప్‌స్టిక్ అయ్యాక "ఇలాగే క్రీము కూడా పెట్టి చూడండి" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. మీరు పంపిన గ్రాఫుల్లో చాలావాటిలో ఒకటే బొమ్మ: 50 డిగ్రీల దగ్గర మొదలై 110 దాకా సాగిన పెద్ద లోయ, పక్కన "మైనం కరిగింది" అని రాత. అది మైనం కాదు, నీళ్లు. సన్‌స్క్రీన్ సంగతి వచ్చేసారి చూద్దాం, ముందు ఇది తేలాలి.

లిప్‌స్టిక్‌లో నీళ్లు దాదాపు ఉండవు. అందుకే పాన్ (నమూనా పెట్టే చిన్న లోహపు గిన్నె) మూత వదులుగా ఉన్నా తేనెమైనం, కార్నాబా మైనం శిఖరాలు సరిగ్గానే కనిపించాయి. క్రీము అలా కాదు. లెక్క వేయండి. 5 మిల్లీగ్రాముల క్రీములో 70 శాతం నీళ్లనుకుందాం, అంటే 3.5 మి.గ్రా. గ్రాము నీరు ఆవిరి కావడానికి 2257 జౌళ్లు కావాలి కాబట్టి మొత్తం 7.9 జౌళ్లు. అదే క్రీములో మైనం, కొవ్వు ఆల్కహాల్ కలిపి 5 శాతమైతే 0.25 మి.గ్రా. గ్రాముకు సుమారు 200 జౌళ్ల చొప్పున 0.05 జౌళ్లు. ఒకటి రెండోదానికి నూటయాభై రెట్లకు పైనే. ఆ లోయలో మైనాన్ని వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

"పాన్‌కు మూత బిగించాను" అని చాలామంది రాశారు. బిగించడం వేరు, సీలు కావడం వేరు. అంచుకు ఆవగింజంత క్రీము అంటినా సీలు పట్టదు. చూడ్డానికి మూత చక్కగానే కనిపిస్తుంది, ఆవిరి మాత్రం సన్నగా పోతూనే ఉంటుంది. నేను సూది మొనతో క్రీమును పాన్ నడిమధ్యలో పెడతాను, అంచును పొడి దూదితో తుడిచాకే ప్రెస్ చేస్తాను. సీలు పాన్‌ను 95 డిగ్రీలు దాటనివ్వను, లోపలి ఆవిరికి పగిలితే సెన్సర్ పాడవుతుంది. నిమిషానికి 5 డిగ్రీలకు మించి వేగం పెంచను.

రన్ అయ్యాక పాన్‌ను మళ్లీ తూచండి. దయచేసి దీన్ని మానొద్దు. 0.1 మి.గ్రా తగ్గిందంటే 0.23 జౌళ్లు ఆవిరికే పోయాయి, అంటే మీ మైనం వేడికి నాలుగు రెట్లకు పైగా. తక్కెడ 0.01 మి.గ్రా చూపించేదై ఉండాలి. బరువు తగ్గితే ఆ గ్రాఫు పారేయండి. బేస్‌లైన్ (గ్రాఫు అడుగు గీత) సవరించి దాన్ని కాపాడాలని చూడకండి.

క్యాలిబ్రేషన్ మీకు వచ్చిందే.

నీళ్ల గురించే తెలుసుకోవాలంటే పాన్‌ను మైనస్ 40కి చల్లార్చి మళ్లీ వేడి చేయండి. సున్నా దగ్గర మంచు కరిగే శిఖరం వస్తుంది. దాని వైశాల్యం 0.9 జౌళ్లయితే, గ్రాముకు 334 చొప్పున 2.7 మి.గ్రా గడ్డకట్టిన నీరు. టీజీఏ (వేడి చేస్తూ బరువు తగ్గడాన్ని కొలిచే పరీక్ష) మొత్తం నీరు 3.5 మి.గ్రా అని చూపిస్తే మిగతా 0.8 గడ్డకట్టనిది: గ్లిజరిన్, జెల్ పొరలు పట్టి ఉంచిన నీరు. గ్లిజరిన్ ఎక్కువుంటే శిఖరం సున్నాకు కిందికి జరిగి వెడల్పవుతుంది, అప్పుడు ఈ లెక్క అంచనాకే.

అభ్యాసం: ఒకే డబ్బాలోంచి మూడు పాన్లు సీలు చేసి, ముందూ వెనకా తూచి, గడ్డకట్టని నీరెంతో కట్టండి. మూడూ దగ్గరగా వచ్చేదాకా మళ్లీ చేయండి. తర్వాత డబ్బాను మూత బిగించి 45 డిగ్రీల దగ్గర నెల రోజులుంచి అదే లెక్క మళ్లీ కట్టండి. రెండు అంకెలూ, ఆరు పాన్ల బరువులూ పంపండి.