ఎయిర్ రైఫిల్ ట్రిగ్గర్ సరిచేసేటప్పుడు

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ సాధన చేసేవారు ట్రిగ్గర్ బరువుగా అనిపించగానే బరువు స్క్రూను వదులు చేస్తుంటారు గాని, చాలాసార్లు అసలు లోపం ట్రిగ్గర్ కదలికలోని రెండు దశలూ కలిసిపోవడంలో ఉంటుంది. వేలు మొదట తేలికగా వెనక్కి జరిగి, ఒకచోట స్పష్టంగా ఆగి, ఆపైన కొద్దిపాటి ఒత్తిడికే షాట్ వెలువడాలి. ఆ ఆగడం తెలియనప్పుడు ముందుగా మొదటి దశ స్క్రూనే చూడాలి.

గొట్టంలో పెల్లెట్ (చిన్న గుండు) లేదని కళ్లారా చూసుకుని, రైఫిల్‌ను సురక్షితమైన దిక్కుకు తిప్పి ఉంచాకే పని మొదలుపెట్టండి. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ఏ స్క్రూ దేనికో నిర్ధారించుకుని, ఒకసారికి ఒకే స్క్రూను పావు చుట్టు మాత్రమే తిప్పి, ఎటు తిప్పారో రాసి పెట్టుకోండి. స్ప్రింగ్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా పేల్చితే పిస్టన్ సీలు దెబ్బతింటుంది కనుక, దాని పరీక్ష రేంజిలో, పెల్లెట్‌తో, టార్గెట్ మీదనే జరగాలి. డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేసే) సదుపాయం ఉన్న రైఫిళ్లకు ఈ చిక్కు లేదు.

కాక్ చేశాక (పేల్చడానికి సిద్ధపరిచాక) ట్రిగ్గర్ నిలవకపోయినా, వేలు తాకకుండానే పేలినా, సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా పట్టి ఉంచే భాగం) పట్టు మరీ తగ్గిందని అనుమానించి, స్క్రూను పాత స్థానానికి తిప్పేయండి. అప్పటికీ కుదరకపోతే ఆ రైఫిల్‌ను వాడకుండా పక్కన పెట్టి తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కు చూపించండి. అంతర్జాతీయ నియమాల్లో ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాముల ట్రిగ్గర్ బరువు ఉండాలి, ఎయిర్ రైఫిల్‌కు అటువంటి పరిమితి లేదు. అయినా కొత్తగా నేర్చుకుంటున్నవారు మరీ తేలిక ట్రిగ్గర్ జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.