బంగారు దుకాణం పేరుమీద పరిమళం తేవాలనుకునేవారికి

నల్లగొండలో మా కుటుంబం మూడు తరాలుగా బంగారం వ్యాపారం చేస్తున్నది. మా తమ్ముడి కొడుకు ఒకనాడు "పెద్దనాన్నా, మన పేరుతో సెంటు ఎందుకు తేకూడదు?" అని అడిగినప్పుడు నేను వెంటనే కాదనలేదు, కానీ ఆరు నెలలు ఆగమన్నాను. ఆ ఆరు నెలల్లో తెలుసుకున్నదీ, ఆ తరువాత అనుభవంలోకి వచ్చినదీ ఇదే ఆలోచనలో ఉన్న మహబూబ్‌నగర్, వనపర్తి, సూర్యాపేట దుకాణదారులకు పనికివస్తుందని రాస్తున్నాను.

పెద్ద నగల సంస్థలు ఈ దారిలో ఎంత నిదానంగా నడిచాయో ముందు గమనించండి. కార్టియే 1847లో పారిస్‌లో మొదలైంది, దాని మొదటి పరిమళం 1981లో వచ్చింది. వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ 1906లో దుకాణం తెరిచి, 1976లో 'ఫస్ట్' అనే పరిమళాన్ని తెచ్చింది. దానిని తయారుచేసిన జాన్ క్లోద్ ఎలెనా అనే పరిమళ నిపుణుడే తరువాత రోమ్‌కు చెందిన బుల్గారి నగల సంస్థ కోసం గ్రీన్ టీ వాసనతో పరిమళాన్ని కూర్చాడు. నగల మీద నమ్మకం గట్టిపడిన తరువాతనే ఈ సంస్థలన్నీ సీసా మీద తమ పేరు వేశాయి. మన దేశంలో తనిష్క్ నగలమ్మే టైటాన్ సంస్థ 2013లో పరిమళాలు తెచ్చినప్పుడు తనిష్క్ పేరు వాడకుండా 'స్కిన్' అని వేరే పేరు పెట్టింది.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది పేరు సంగతి. మన వైపు చాలా దుకాణాలకు దేవతల పేర్లుంటాయి. ఖాళీ అయిన సీసా చెత్తబుట్టలో పడుతుంది, దాని మీద అమ్మవారి పేరు ఉండడం మనకే మనసొప్పదు. ఇంటిపేరుతోనో, ఊరి పేరుతోనో, పూవు పేరుతోనో కొత్త పేరు పెట్టుకుని, దుకాణం పేరును కింద చిన్నగా వేసుకోవడం మేలు. ట్రేడ్‌మార్కు నమోదులో నగలు 14వ తరగతి కిందికి, పరిమళాలు 3వ తరగతి కిందికి వస్తాయి. నగలకు పేరు నమోదై ఉన్నంత మాత్రాన సెంటుకూ అదే చెల్లుతుందని ధీమాగా ఉండకుండా, సీసాలు అచ్చు వేయించకముందే 3వ తరగతిలో దరఖాస్తు పెట్టాలి. నమోదు పదేళ్ల వరకు చెల్లుతుంది, ఆ తరువాత పునరుద్ధరించుకోవాలి.

ఏ వాసన తేవాలన్న ప్రశ్నకు జవాబు మన దుకాణంలోనే వెండి అరలో ఉన్నది. పెళ్లికి పుస్తెలు, మట్టెలు కొనడానికి వచ్చినవారే పన్నీరు బుడ్డి, గంధపు గిన్నె కూడా తీసుకుపోతారు. పరిమళాన్ని పట్టే పాత్రను ఇన్నేళ్లుగా మనమే అమ్ముతున్నాము, అందులో పోసేది మాత్రం కొన్నవారు వేరేచోట వెతుక్కుంటున్నారు. అందువల్ల పారిస్ సీసాలను అనుకరించేకంటే గంధం, గులాబీ, మల్లె, మొగలి, మొదటి వాన మట్టి వాసన వంటి మనవాళ్లు కళ్లు మూసుకుని గుర్తుపట్టే వాటితో మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. మట్టి వాసనను సీసాలో పట్టే విద్య ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఉన్నది. అక్కడ కాల్చిన మట్టి బిళ్లలను డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీటితో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా గంధం నూనె ఉన్న భప్కా అనే మరో పాత్రలోకి పంపిస్తారు. మృగశిర కార్తెలో చెల్క మీద తొలి చినుకులు పడ్డప్పటి వాసన ఎరిగిన నల్లగొండ, పాలమూరు మనుషులకు ఆ అత్తరును పరిచయం చేయవలసిన పని లేదు.

అత్తరు, స్ప్రే రెండూ ఒకటి కావు. అత్తరులో ఆల్కహాలు ఉండదు, చుక్క రాసుకుంటే చాలు, ముస్లిం కుటుంబాలు పండుగకూ నమాజుకూ దానినే కోరుకుంటాయి. స్ప్రేలో ఎక్కువ భాగం ఆల్కహాలు. ఓ డి పర్ఫ్యూమ్ అని రాసి ఉంటే సుగంధ ద్రవ్యం సాధారణంగా నూటికి 15 నుంచి 20 వంతులు, ఓ డి టాయ్‌లెట్ అయితే 5 నుంచి 15 వంతులు ఉంటుంది. గంధం నూనె ఖరీదైనది కనుక చౌక అత్తరుల్లో దాని స్థానంలో వేరే నూనెలు కలుపుతారు. అలా కలిపితే తప్పు లేదు, కలిపి అసలు గంధమని చెప్పి అమ్మితేనే తప్పు. 22 క్యారెట్ల నగ మీద 916 ముద్రా, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంఖ్యా చూపించి అమ్మే మనం సీసాలో ఏముందో చెప్పకుండా అమ్మలేము.

తయారీని ఇంట్లో పెట్టుకోవద్దు. పరిమళం కాస్మెటిక్ కిందికి వస్తుంది, 2020 కాస్మెటిక్స్ నియమాల ప్రకారం తయారీకి రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న కర్మాగారంతో ఒప్పందం చేసుకోవడం సులభమైన దారి. సీసా మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, పరిమాణం, గరిష్ఠ ధర, గడువు తప్పకుండా ఉండేటట్లు చూసుకోండి. నగల మీద జీఎస్టీ 3 శాతం, పరిమళాల మీద 18 శాతం కాబట్టి బిల్లు వేసే కంప్యూటరులో వేరుగా నమోదు చేయించాలి.

నమూనాలు వచ్చాక కాగితపు పట్టీ మీద ఒక్కసారి వాసన చూసి నిర్ణయించవద్దు. మొదట తాకే వాసన పావుగంటలో పోతుంది, అసలు స్వభావం గంటల తరువాత తెలుస్తుంది. చేతికి రాసుకుని మే నెల ఎండలో బజారంతా ఒకసారి తిరగండి, మరునాడు అదే నమూనాతో ఏసీ ఫంక్షన్ హాలులో కూర్చోండి. మన ఎండకు తేలిక వాసనలు గాలిలో కలిసిపోతాయి, మరీ తీపి వాసనలు తల తిప్పుతాయి. ఎండలోనూ ఏసీలోనూ నిలిచిన దానినే తీసుకోండి. మా దగ్గర ఒక ముసలమ్మ చేయి చాపి గంధం అత్తరు రాయించుకుని, "బిడ్డా, గిది పొద్దుందాక ఉంటదా?" అని అడిగింది. "రేపు పొద్దున వచ్చి నువ్వే చెప్పమ్మా" అన్నాను. వచ్చి చెప్పింది, రెండు సీసాలు కొన్నది.

కౌంటరు ఎక్కడ పెట్టాలన్న విషయంలో మేము నష్టపోయాము. మొదట్లో స్ప్రే నమూనాలను కుందన్ నగల పక్కనే పెట్టాము. వచ్చినవారందరూ అక్కడే చల్లి చూసేవారు, తుంపర్లు పక్కన తెరిచి ఉన్న హారం మీద పడేవి. కొన్ని వారాలకు ఆ హారంలోని ఒక రాయి వేలు తగిలితే కదిలింది. మా ఔసలి తిప్పి చూసి, రాయిని పట్టి ఉంచే లక్క మెత్తబడి జిగటగా ఉన్నదని చూపించాడు. లక్క ఆల్కహాలులో కరుగుతుందని ఔసలి పని తెలిసిన ప్రతివారికీ తెలుసు, ఆ సమయంలో మాకు తట్టలేదు. ముత్యాలు, పగడాలు కూడా సెంటు తగిలితే మెరుపు తగ్గుతాయి. పరిమళాల బల్లను గుమ్మం దగ్గర, నగలకు దూరంగా, దీపాలకూ అగ్గికీ ఎడంగా ఉంచండి. ముందు సెంటు చల్లుకుని, అది ఆరిన తరువాతనే నగలు వేసుకోవాలని కొన్నవారికి ప్రతిసారీ చెప్పండి. ఆ మాట అట్టపెట్టె లోపల తెలుగులో అచ్చు వేయించండి.

సరుకు తక్కువగా తెప్పించండి. అమ్ముడుపోని గొలుసును కరిగిస్తే బంగారం బంగారంగానే మిగులుతుంది, అమ్ముడుపోని సీసా ఎండకూ వెలుతురుకూ రంగు మారి వాసన చెడి పనికిరాకుండా పోతుంది. పాత బంగారం మార్చుకున్నట్లు దీనిని కూడా మార్చుకోవచ్చని కొనేవారు అనుకుంటారు, కుదరదని అమ్మేటప్పుడే మర్యాదగా చెప్పాలి. మాఘ మాసం పెళ్లిళ్లకు ముందు ఒక బ్యాచి, శ్రావణానికి ముందు ఒక బ్యాచి చాలు.

ప్రతి బ్యాచి నుంచి రెండు సీసాలు మూత తీయకుండా, తారీకు రాసి, చల్లని చీకటి బీరువాలో దాచండి. కొత్త సరుకు రాగానే దాచిన వాటిలో ఒకటీ, కొత్త వాటిలో ఒకటీ తెరిచి, ఒక చేతికి పాతదీ మరో చేతికి కొత్తదీ రాసుకుని సాయంత్రం దాకా చూడండి. తేడా ఉంటే ఒక్క సీసా కూడా బల్ల మీదకు తేకుండా కర్మాగారానికి తిప్పి పంపండి.