హామ్ టవర్‌లో తేడా: పైన కనిపించేది, కింద వెతకాల్సింది

హామ్ రేడియో (అభిరుచి కోసం నడిపే రేడియో) యాంటెన్నా కోసం పదడుగుల సెక్షన్లు నాలుగు కలిపి, మూడు దిక్కులా రెండు వరసల స్టే వైర్లతో (పక్కకి లాగి పట్టే తీగలు) నిలబెట్టిన 40 అడుగుల జీఐ (జింకు పూత ఇనుము) టవర్ గురించి ఇది. కారణం తేలేదాకా టవర్ ఎక్కొద్దు.

టవర్ ఒక పక్కకు ఒరిగింది

మేస్త్రీ గుండుతాడు పట్టుకుని రెండు పక్కల నుంచి చూడండి. ఒరిగిన వైపుకి ఎదురు దిక్కు యాంకర్ (స్టే వైరుని నేలలో పట్టి ఉంచేది) మీదే మొదటి అనుమానం. కళింగపట్నం, భోగాపురం తీరంలో ఇసుక నేల. అందులో దిగ్గొట్టిన యాంగిల్ మేకు మెల్లగా పైకి లేస్తుంది. మేకు మొదలు దగ్గర నేలకి సందు కనిపిస్తే అదే కారణం. మళ్ళీ సుత్తితో కొట్టడం దండగ.

ముందు ఆ మేకు తలను వెనక కొట్టిన మరో మేకు మొదలుకి, దాని తలను మూడో మేకు మొదలుకి బిగించి కట్టండి. తర్వాత అదే వరసలో నాలుగడుగులు వెనక, మూడడుగుల ఘనం గొయ్యి తీసి 1:1.5:3 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు పొయ్యండి. దిమ్మ బరువే 1.8 టన్నులు. కనీసం ఏడు రోజులు తడిపి, చైన్ పుల్లర్‌తో (గొలుసుతో లాగి పట్టే పనిముట్టు) పట్టి ఉంచి స్టేలను ఒక్కొక్కటిగా దిమ్మకి మార్చండి. వైరు పొట్టి పడితే డీ షాకిల్‌తో (డీ ఆకారం ఇనుప కొక్కెం) ముక్క కలపండి. మూడు దిక్కుల్లో ఏ ఒక్కటీ క్షణం కూడా వదులుగా ఉండకూడదు. పని అయ్యేదాకా టవర్ పడేంత దూరంలో పిల్లల్ని, పశువుల్ని తిరగనివ్వొద్దు.

నిటారుగానే ఉంది, గాలికి ఊగుతోంది

స్టేలు వదులయ్యాయి. టెన్షన్ వైరు తెగే బరువులో పదో వంతు ఉండాలి. బిగించాక టర్న్‌బకిల్ (తిప్పి వైరు బిగించే మర) కళ్ళలోంచి తీగ దూర్చి కట్టకపోతే అదురుకి అదే మరలు విప్పుకుంటుంది. మడిచిన వైరు కొసను పట్టే యూ క్లాంపులు మూడూ ఒకే వైపు ఉండాలి: యూ బోల్టు తెగ్గోసిన కొస మీద, జీను బరువు లాగే వైరు మీద. తిరగేస్తే బోల్టు అసలు వైరునే నలిపేస్తుంది.

వాన పడితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత) పెరుగుతోంది

పై కనెక్టర్‌లోకి నీళ్ళు దిగాయి. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) లోపలి రాగి అల్లిక నల్లబడితే మెరిసే రాగి కనిపించేదాకా కోసేసి కొత్త కనెక్టర్ వెయ్యండి. రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టండి, పెంకుటింటి పెంకుల్లా పై పొర కింది పొరను కప్పుతుంది.

పిడుగు పడ్డప్పుడల్లా ఇంట్లో మోడెమో, టీవీయో పోతోంది

టవర్ ఎర్త్, ఇంటి ఎర్త్ విడివిడిగా ఉన్నాయి. రెండూ కలపాలి. టవర్ చుట్టూ ఎనిమిదడుగుల ఎర్త్ రాడ్లు మూడు, పదహారేసి అడుగుల దూరంలో. రాగి తీగను జీఐ కాలికి నేరుగా తాకించొద్దు, ఉప్పు గాలికి జింకు పూత తినేస్తుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు పలక వెయ్యండి.

కరెంటు లైను దగ్గరుంది

దీనికి మరమ్మతు లేదు. టవర్, పైన యాంటెన్నా కలిపి ఎంత ఎత్తో దానికి ఒకటిన్నర రెట్ల లోపు లైనుంటే జాగా మార్చండి.